కాగితపు మడతలు - కృతజ్ఞతా పాఠములు

"మేలు చేసినవారిని గుర్తుంచుకొను గుణమును పిల్లలకు ఎట్లు అలవరచవలెను?" అని తల్లులు తరచుగా అడుగుచుందురు. అడుగుటకు కారణము లేకపోలేదు. బడి నుండి వచ్చిన కుఱ్ఱవాడు ఆకలితో కంచము ముందు కూర్చుండును, వడ్డించినది తినును, లేచి ఆటకు పోవును. పండుగకు మేనమామ తెచ్చిన చొక్కా తొడుగుకొనును. మేనమామతో రెండు మాటలైనను ఆడడు. పెద్దలు కేకవేసి, "మామయ్యకు దండము పెట్టు" మందురు. వాడు పెట్టును, పెట్టి పరుగెత్తును. ఆ దండములో మేనమామ పాలెంత, పెద్దల యాజ్ఞ పాలెంత అని విడదీసి చూచినచో మనకే నవ్వు వచ్చును.

కృతజ్ఞత యను మాటను కొంచెము విప్పి చూతము. కృతము అనగా చేయబడినది. జ్ఞ అనగా ఎరిగినవాడు. తన కొరకు చేయబడినదానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. ఎరుక ముందు, వందనము తరువాత. మన పెద్దలు ఈ భావమును ఒక్క పదముతో సరిపెట్టక పలువిధముల చెప్పుకొనిరి. "నీ కడుపు చల్లగా" అని దీవించిరి. "మీ ఋణము తీర్చుకొనలేము" అని చేతులు జోడించిరి. మేలు మరచినవానిని తిన్నింటి వాసములు లెక్కపెట్టువాడనిరి. ఏరు దాటి తెప్ప తగులబెట్టువాడనిరి. ఈ నుడులలో ఇల్లు కలదు, వాసము కలదు, తెప్ప కలదు. మేలు అనునది గాలిలో తేలియాడునది కాదు. అది ఒక వస్తువులో నుండును, ఆ వస్తువును చేసిన చేతులలో నుండును. కావున మేలును ఎరుగుటకు, తానును తన చేతులతో ఒక వస్తువును చేసి చూచుటకంటె దగ్గరి దారి లేదు.

ఈ దారిని విద్యాశాస్త్రముగా మలచినవారిలో ముఖ్యుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అను జర్మను ఉపాధ్యాయుడు. నేడు మన చిన్న పట్టణముల వీధులలో సైతము కానవచ్చు కిండర్‌గార్టెన్ అను పేరు ఆతడు పెట్టినదే. ఆ పేరు ఎరుగని గృహము లేదు గాని, దాని వెనుకనున్న మనుష్యుని కథ తెలిసినవారు తక్కువ. ఆ కథను చెప్పదలచుటకు మాకొక కారణము కలదు. కృతజ్ఞతను పిల్లలకు నేర్పుటకై జీవితము ధారపోసిన ఈతనికి, తన బాల్యమున కృతజ్ఞత చూపుటకు తగిన మనుష్యులే కరవైరి.

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21వ తేదీన తురింగియా అడవికొండల నడుమ ఓబర్‌వైస్‌బాఖ్ అను గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతగురువు. పరగణాలోని విశ్వాసుల మంచిచెడ్డలు చూచుటతో ఆయనకు తీరిక యుండెడిది కాదు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండుసరికి తల్లి కన్నుమూసెను. పనివారి చేతులలోను, అన్నల చేతులలోను పిల్లవాడు పెరిగెను. కొంతకాలమునకు తండ్రి మరల వివాహము చేసికొనెను. క్రొత్తగా వచ్చిన తల్లి మొదట పిల్లవానిని చేరదీసెను. ప్రేమకు మొగము వాచియున్న బాలుడు తన హృదయమునంతయు ఆమె కర్పించెను. అంతలో ఆమెకు సొంత బిడ్డ కలిగెను. అది మొదలు ఆమె చూపు మారినది, మాటయు మారినది. అంతవరకు నీవు అని పిలిచిన నోటితోనే, ఎదుట నిలిచిన బిడ్డను పరాయివానినివలె ప్రథమపురుషలో, వాడు అను తీరున సంబోధింపసాగెను. ఫ్రోబెల్ 1827లో, తన నలుబదియైదవ యేట, మైనింగెన్ ప్రభువును ఉద్దేశించి వ్రాసిన దీర్ఘలేఖలో ఈ సంగతిని జ్ఞాపకము చేసికొనెను. అన్ని యేండ్లు గడచినను ఆ సర్వనామము చేసిన గాయము మానలేదన్నమాట.

1792లో, పదవయేట, తల్లి తోబుట్టువైన హోఫ్‌మన్ ఆతనిని తన యూరికి తీసికొనిపోయెను. మేనమామ యింట నైదేండ్లు గడచినవి. అచ్చట నమ్మకము దొరకెను. తోడి పిల్లలతో ఆట దొరకెను. చిన్ననాట దొరకనిదేమో, దొరకినదేమో రెండును ఎరిగినవాడు గనుకనే ఆతడు తరువాత పిల్లల ముందు కూర్చుండినపుడు వారికి కావలసినదేమో ఇతరులకంటె త్వరగా గ్రహింపగలిగెను.

యౌవనమున ఫ్రోబెల్ కాలు నిలువని మనిషి. అటవీశాఖలో శిష్యరికము చేసెను. యేనా విశ్వవిద్యాలయమున చదివి, అప్పు తీర్చలేక కొన్ని వారములు చెరలో నుండెను. భూముల కొలత పని చేసెను. చివరకు 1805లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడై, ఇంతకాలము వెదకుచున్న నీరు దొరకిన చేపవలె నైతినని భావించెను. పిమ్మట హోల్జ్‌హౌజెన్ అను సంపన్న కుటుంబమునకు చెందిన ముగ్గురు బాలురకు గురువయ్యెను. వారిని వెంటబెట్టుకొని స్విట్జర్లాండులోని ఇవెర్దోనుకు పోయి, 1808 నుండి 1810 వరకు పెస్టలోజీ మహాశయుని పాఠశాలలో నుండెను. ఆ బాలురకు తోటపని నేర్పెను. కాగితముతోను, అట్టతోను, కొయ్యతోను వస్తువులు చేయుట నేర్పెను. తాము పెంచిన మొక్కలను తల్లిదండ్రులకు కానుకగా నిచ్చునపుడు ఆ పిల్లల మొగములలో వెలిగిన ఆనందమును ఆతడు మరువలేదు. కలిగినవారి పిల్లలు వారు. బజారులో కొని యీయదగినవి వారికి కొదువ లేదు. ఐనను కొన్న వస్తువును ఇచ్చునపుడు రాని వెలుగు పెంచిన మొక్కను ఇచ్చునపుడు వచ్చినది. మన కథకు విత్తనము ఇచ్చటనే పడినది.

1817లో కైల్‌హౌ గ్రామమున ఫ్రోబెల్ ఒక పాఠశాలను నెలకొల్పెను. 1826లో మానవుని విద్యను గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. కాని అనుభవము పెరిగినకొలది ఆతని దృష్టి బడికి ముందున్న వయస్సు మీదికి, అనగా తల్లి యొడిలోని కాలము మీదికి మరలెను. 1837లో బ్లాంకెన్‌బర్గ్ పట్టణమున చిన్నపిల్లల ఆటవస్తువుల కొరకు ఒక సంస్థను ప్రారంభించెను. 1840 జూన్ 28వ తేదీన దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లలతోట, అను పేరుతో ప్రతిష్ఠ జరిగినది. అచ్చుయంత్రమునకు ఆద్యుడైన గూటెన్‌బర్గ్ పేరిట జర్మనీ అంతట నాలుగువందల యేండ్ల పండుగ జరుగుచున్న దినములవి. కాగితము మీద అక్షరము నచ్చొత్తినవానికి ఒక దేశము కృతజ్ఞత చెప్పుకొనుచున్న వేళ, కాగితమును పసిచేతుల కిచ్చు సంస్థ జన్మించుట ముచ్చటైన కలయిక.

ఫ్రోబెల్ కల్పించిన సాధనములు రెండు తెగలు. మొదటివాటికి కానుకలని పేరు: ఉన్నిబంతులు, కొయ్యగోళము, ఘనము, స్తంభము, చిన్న చిన్న దిమ్మెలు. ఇవి పిల్లవాని చేతి కిచ్చునవి. ఆట ముగిసినపిదప మరల పెట్టెలో చేర్చునవి. రెండవవాటికి పనులని పేరు: కాగితము మడచుట, కత్తిరించుట, అల్లుట, మట్టితో బొమ్మలు చేయుట మొదలైనవి. ఈ రెంటికిని గల భేదమును గమనింపుడు. కానుక పుచ్చుకొనునది, పనివలన పుట్టిన వస్తువు ఇచ్చునది. చేయి చాచి పుచ్చుకొన్న పిల్లవాడే, కొంతకాలమునకు చేయి చాచి ఇచ్చువాడు కావలెను. ఈ వరుసలోనే కృతజ్ఞతా పాఠము ఇమిడియున్నదని మా యభిప్రాయము.

కాగితపు పనులలో రెండింటిని చెప్పుదుము. మొదటిది మడత. ఒక చతురస్రపు కాగితము. నాలుగు మూలలను నడిమికి తెచ్చి మడచినచో కవరు. మరల త్రిప్పి మడచినచో మరియొక రూపు. ఈ రూపములను ఫ్రోబెల్ మూడు విధములుగా చూచెను. పడవ, బల్ల, ఇల్లు వంటివి జీవనరూపములు. పూవువలె, నక్షత్రమువలె విప్పారునవి సౌందర్యరూపములు. సగము, పావు, త్రిభుజము, చతురస్రము అని లెక్కను తెలుపునవి జ్ఞానరూపములు. ఒక కాగితమే మూడు పాఠములు చెప్పును. ముందు రూపమును చింపివేసి క్రొత్తది చేయుట కాదు. ముందుదాని నుండి తరువాతిదానిని పుట్టించుట ఆతని నియమము.

రెండవది అల్లిక. ఒక రంగుకాగితమున అంచులు వదలి నిలువుగా గాట్లు పెట్టుదురు. మరియొక రంగు కాగితమును సన్నని బద్దలుగా కోసి, ఒక గాటు పైనుండియు ఒక గాటు క్రిందినుండియు పోనిచ్చుదురు. మన మేదరివారు చాప యల్లు రీతియే ఇది. పూర్తియైన దానిని పుస్తకమున గుర్తుగా పెట్టుకొనవచ్చును. దీపము క్రింద పరచుకొనవచ్చును. కిండర్‌గార్టెనులలో క్రిస్మసు పండుగకు ఇట్టివి చేయించి తల్లిదండ్రుల కిప్పించు ఆచారము ఏర్పడినది.

ఇదంతయు పందొమ్మిదవ శతాబ్దిలోనే ఏల సాధ్యమైనదని అడుగవచ్చును. అంతకు ముందు ఐరోపాలో కాగితమును చింకిగుడ్డల గుజ్జుతో, ఒక్కొక్క రేకుగా చేతితో తీసెడివారు. పిల్లవాడు మడచి పారవేయుటకు తగినంత చౌక కాదది. 1799లో ఫ్రాన్సు దేశస్థుడు రొబేర్ ఎడతెగని పట్టీవలె కాగితము తీయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1844 ప్రాంతమున సాక్సనీకి చెందిన కెల్లర్ కొయ్యను అరగదీసి గుజ్జు చేయు పద్ధతిని కనుగొనెను. గుడ్డపీలికల కొరత తీరినది, కాగితము చవుకయైనది, అది పసిచేతులకు అందినది. మన దేశమున కాగితమునకు ముందు ఆకే ఆ పని చేసినది. కొబ్బరాకుతో బూరయు, గిలకయు, తాటాకుతో బొమ్మల పెండ్లికి పెండ్లికూతురును పెండ్లికొడుకును, మోదుగాకుతో విస్తరియు దొన్నెయు చేయని పల్లె యున్నదా? మన పిల్లలకు మడతయు అల్లికయు క్రొత్తవి కావు. ఆకు పోయి కాగితము వచ్చినది, అంతియే.

1844లోనే ఫ్రోబెల్ తల్లుల కొరకు ఒక పాటల పుస్తకమును ప్రకటించెను. దానికి ఉంగర్ అను చిత్రకారుడు బొమ్మలు వేసెను. కోల్ అను నాతడు స్వరములు కూర్చెను. తల్లి పసిబిడ్డ చేతులు పట్టి ఆడించుచు పాడు పాటలవి. మన చెమ్మచెక్కలకు, చేతివ్రేళ్ళ ఆటలకు దూరపు చుట్టములనవచ్చును. ఆ పాటలలో గడ్డికోత పాట యొకటి. బిడ్డ చేతులు కొడవలివలె అటునిటు ఊగును. కోతగాడు గడ్డి కోయును, గడ్డిని ఆవు మేయును, ఆవు పాలిచ్చును, పాలు పితుకునామె పితుకును, ఆ పాలు బిడ్డ గిన్నెలోనికి వచ్చును. రొట్టె పాటలో రొట్టె కాల్చువాని వెనుక తిరుగలివాడు, తిరుగలివాని వెనుక రైతు, రైతు వెనుక వానయు ఎండయు, వాని వెనుక భగవంతుడు వరుసగా వత్తురు. వడ్రంగిని గూర్చియు, అడవిలో బొగ్గులు కాల్చువానిని గూర్చియు పాటలు కలవు. బిడ్డ ముందున్న చిన్న గిన్నెడు పాల వెనుక ఎందరు నిలిచియున్నారో తల్లి చేతులతో చూపును. ఎవరికి వందనము చెప్పుమని ఆమె ఆజ్ఞాపింపదు. వారందరిని బిడ్డకు పరిచయము చేయును. పరిచయమైనవారిని మరచుట కష్టము.

ఈ పాటలు వ్రాసినవాడు తల్లి మొగము ఎరుగనివాడని తలచినపుడు మనస్సు ద్రవించును. తన కెవరును పాడని పాటలను ఆతడు లోకములోని తల్లులందరి నోటను పెట్టదలచెను.

లోకము మాత్రము వెంటనే చేతులు చాపలేదు. 1849లో బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ అను సంపన్న స్త్రీ లీబెన్‌ష్టైన్ అను ఊటల ఊరికి ఆరోగ్యము కొరకు వచ్చినది. ఒక ముసలివాడు పల్లెపిల్లలతో కలసి గంతులు వేయుచున్నాడనియు, వానిని జనులు పిచ్చిముసలి అందురనియు ఇంటియామె ఆమెకు చెప్పెను. చూడబోయిన ఆమె ఆ ముసలివానికి శిష్యురాలయ్యెను. రెండేండ్ల పిదప, 1851 ఆగస్టు 7వ తేదీన, ప్రష్యా ప్రభుత్వము కిండర్‌గార్టెనులను నిషేధించినది. నాస్తికతను, సమాజవాదమును బోధించుచున్నవని నింద. ఫ్రోబెల్ అన్నకొడుకు కార్ల్ వ్రాతలను, ఈతని వ్రాతలను అధికారులు ఒక్కటిగా భావించిరి. ఫ్రోబెల్ చేసికొన్న విన్నపములు ఫలింపలేదు. 1852 జూన్ 21వ తేదీన ఆతడు మరణించెను. ఆతని సమాధి మీద ఆతని ఆటవస్తువులే, ఘనము, స్తంభము, గోళము, ఒకదానిపై నొకటిగా నిలిచియున్నవి. నిషేధము 1860లో తొలగినది. దానికై పాటుపడినవారిలో ముఖ్యురాలు ఆ మారెన్‌హోల్ట్స్ దొరసానియే. పిచ్చిముసలి యని లోకులన్న గురువు ఋణమును ఆమె ఈ విధముగా తీర్చుకొనెను.

నిషేధము విత్తనములను గాలి కెగురవేసిన తుపానువలె పనిచేసినదనవచ్చును. 1856లో మార్గరెటె షుర్జ్ అమెరికాలోని వాటర్‌టౌన్ పట్టణమున తన యింటనే జర్మను పిల్లల కొరకు కిండర్‌గార్టెన్ నడిపెను. 1860లో ఎలిజబెత్ పీబాడీ బోస్టను నగరమున ఆంగ్లభాషలో మరియొకదానిని తెరచెను. పిల్లలు చేయు పని వెనుక ప్రేమ యుండవలెననియు, ఎవరికో ఒకరికి ఇచ్చు తలంపుతో చేసినపుడు స్వార్థము తగ్గుననియు ఈమె నమ్మకము. 1876లో జపానులోని టోక్యో స్త్రీల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు అనుబంధముగా కిండర్‌గార్టెన్ ఏర్పడినది. క్లారా అను జర్మను వనిత, జపానీయుని పెండ్లాడినామె, అచ్చట ముఖ్య ఉపాధ్యాయిని. జపానీయులకు కాగితపు మడత పుట్టువిద్య; వేయి కొంగల మడతలను గూర్చిన పుస్తకము 1797లోనే వారు అచ్చువేసిరి. అంతకంటె మనకు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. కానుక నిచ్చునపుడు దానిపై నోషి అను మడతకాగితమును చేర్చు మర్యాద వారికి కలదు. లోపలి వస్తువునకు వెల కలదు. పైనున్న మడత హృదయమును తెలుపును. జర్మను కాగితపు పని ఆ దేశమున ప్రవేశించి తన చుట్టమును తాను కలసికొన్నట్లయినది.

మన దక్షిణదేశమునకు ఆ కాగితము వేరొక దారిని వచ్చినది. 1893లో మదరాసు అడిసన్ కంపెనీవారు టి. సుందరరావు గారి ఆంగ్లగ్రంథము నొకదానిని ప్రచురించిరి. కాగితపు మడతలతో రేఖాగణితమును సాధించు గ్రంథమది. ఈ పుస్తకమునకు ప్రేరణ కిండర్‌గార్టెన్ ఎనిమిదవ కానుక యని ఆయన మొదటనే చెప్పుకొనెను. ఆ పెట్టెలో రెండువందల రంగుకాగితపు చతురస్రములు, మడత నొత్తు పుల్ల, చిత్రములు, సూచనలు నుండెడివి. పసిపిల్లల కాగితముతో ఆయన సమబహుభుజములను, శ్రేణులను, శంకుచ్ఛేదములను సైతము మడచి చూపెను. ప్రసిద్ధ జర్మను గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఈ గ్రంథమును పేర్కొనుటతో అది పరదేశముల దృష్టిలో పడినది. 1901లో అమెరికాలోని చికాగోలో పునర్ముద్రితమైనది. జర్మనీలో పుట్టిన కానుక మదరాసులో మడతపడి తిరిగి జర్మను పండితుని చేతికి చేరినది. ఇంతటి గణితమును వ్రాసినవాడు దాని మూలమును పసిపిల్లల ఆటపెట్టెలో చూపుటకు సిగ్గుపడలేదు. పుచ్చుకొన్నదానిని పుచ్చుకొంటినని చెప్పుట పండితునకును భూషణమే.

ఈ కథలో చీకటిపుట యొకటి కలదు, దానిని దాటవేయరాదు. ఫ్రోబెల్ అనంతరము పలుచోట్ల ఆతని పనులు కవాతుగా మారినవి. ఈ వారము ఈ మడత, పై వారము ఆ మడత. అందరును ఒకే వేళ, ఒకే రీతి. ఉపాధ్యాయిని చప్పట్లు కొట్టగనే మూల మడవవలెను. కాగితమున సూదితో సన్నని రంధ్రములు పొడుచుట వంటి పనులు పసికన్నులకు, లేత నరములకు శ్రమ యని అమెరికాలో ష్టాన్లీ హాల్ ఆక్షేపించెను. 1900 ప్రాంతమున జాన్ డ్యూయీ, ఫ్రోబెల్ సాధనములను అనుకరించుట కాదు, ఆతని భావమును గ్రహించి పిల్లల నిజజీవితములో నుండి పనులను తీసికొనవలెనని వాదించెను. వారి మాట న్యాయమైనది. ఆజ్ఞపై పెట్టిన దండము ఎట్టిదో, ఆజ్ఞపై మడచిన కాగితమును అట్టిదే. రెంటియందును కృతము కలదు గాని ఎరుక లేదు. మన దేశమున 1937లో గాంధీమహాత్ముడు వార్ధా సభలో చేతిపనినే చదువునకు కేంద్రముగా చేయవలెనని చెప్పినపుడును, 1939లో మాంటిసోరి వనిత మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినపుడును, చేతికిని మనస్సునకును గల సంబంధమే చర్చకు వచ్చినది. త్రోవలు వేరు, చేయి కదలనిదే మనస్సు కదలదను మాట అందరికిని సమానము.

ఇక మన యింటి మాట. ఈ చరిత్ర నంతటిని విని గృహిణి చేయదగినదేమి? బజారు నుండి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. పాత పంచాంగపు అట్ట, వాడిన వ్రాతపుస్తకపు పుట, శుభలేఖ వెనుకభాగము చాలును. రేడియోలో మడతను చూపుటకు వీలులేదు గనుక మాటలతో చెప్పవలసిన అలవాటు మాది. ఒక మడతను అట్లే చెప్పెదము, చదువుచు చేయుడు.

జానెడు చతురస్రపు కాగితమును మూల మీద మూల పడునట్లు ఐమూలగా మడవుడు. త్రిభుజ మేర్పడును. మడత అంచు మీ వైపునకు, శిఖరము పైకి నుండవలెను. కుడివైపు మూలను ఎదుటి యెడమ అంచు మీదికి తెచ్చి ఒత్తుడు. ఆ మూల పై అంచు క్రింది మడతకు సమాంతరముగా నుండవలెను. ఎడమ మూలను అట్లే కుడి అంచునకు తెండు. శిఖరమున రెండు పొరలు మిగిలియుండును. ముందు పొరను ముందునకు, వెనుక పొరను వెనుకకు వంచుడు. నోరు తెరచి చూచినచో దొన్నె. కొంచెముసేపు నీరు నిలుచును. వేపుడు సెనగలైనచో సాయంకాలమువరకు నిలుచును.

దొన్నె చేయుట పాఠములో సగమే. మిగిలిన సగము, ఇది ఎవరికి? అను ప్రశ్నలో నున్నది. తెల్లవారక మునుపే పాలు పోయునామెకా, ఉత్తరములు తెచ్చు తపాలాబంట్రోతుకా, జ్వరము వచ్చినపుడు రాత్రియంతయు మేలుకొన్న నాయనమ్మకా? ఆ ప్రశ్నకు జవాబు పిల్లవాడే వెదకవలెను. తల్లి చెప్పినచో మరల ఆజ్ఞయే యగును. "పాలావిడ ఎన్ని గంటలకు లేచునమ్మా?" అని పిల్లవాడు ఎదురుప్రశ్న వేసినచో పాఠము వచ్చినట్లే. ఆ గంటను తెలిసికొన్ననాడు వాడు కృతము నెరిగినవాడు. సెనగల దొన్నె చేతిలో పెట్టునపుడు నోట మాట రాకపోయినను నష్టము లేదు.

గడ్డికోత పాట రీతిని ఆ కాగితమునకే అన్వయింపవచ్చును. ఈ కాగితము ఎచ్చటనుండి వచ్చినది? మన తెలుగునేలలోనే 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు కర్మాగారము కలదు. దాని మూలమున పెరిగిన ఊరికి కాగజ్‌నగర్ అని పేరే వచ్చినది. ఆదిలాబాదు అడవులలో వెదురు నరకినవాడు, దానిని బండి కెత్తినవాడు, యంత్రము చెంత వేడిలో నిలిచినవాడు, దుకాణమున దస్తాలు లెక్కపెట్టినవాడు, ఇందరు కలసి పిల్లవాని యరచేతిలోనికి ఆ రేకును అందించిరి. ఈ వరుసను ఒకమారు చెప్పుకొన్న పిల్లవాడు మంచి కాగితమును ఊరక చింపుటకు సందేహించును. పొదుపును గూర్చి వేరొక పాఠము చెప్పవలసిన పని యుండదు.

మన పండుగలు ఈ పనికి తగిన తావులు. కనుమనాడు పశువులను కడిగి కొమ్ములకు రంగులు పూయుట, ఆయుధపూజనాడు పనిముట్లకు కుంకుమ పెట్టుట ఎందుకు వచ్చినవి? ఏడాదిపొడుగున మోసినదానిని ఒకనాడైనను మోసినదని గుర్తించుటకే గదా. పట్టణములలో పిల్లలకు దూడ మెడ నిమురు భాగ్యము తక్కువ. వారు కాగితపు ఎద్దును మడచి, దాని మెడకు రంగుదారపు పట్టెడ కట్టి, కనుమనాటి ఉదయమున పూజాపీఠము చెంత నిలుపవచ్చును. అమ్మ కత్తిపీటకు, నాన్న కలమునకు ఆయుధపూజనాడు చిన్న కాగితపు తోరణము కట్టవచ్చును. అమ్మ కత్తిపీట రోజునకు ఎన్ని కూరలు తరుగునో అప్పుడు లెక్కకు వచ్చును.

పెద్దలకు ఒక మనవి. పిల్లవాడు ఇచ్చిన వంకరటింకర వస్తువును పుచ్చుకొనుటలో మన పరీక్ష యున్నది. "మూల సరిగా రాలేదురా" అని దిద్దుట సులభము. ఆ కాగితము మరునాడు చెత్తబుట్టలో కనబడినచో పిల్లవాడు నేర్చుకొను పాఠము వేరు. తాను చేసినదానిని ఎవరును ఎరుగరని వాడు తెలిసికొనును. ఎరుగబడని చేయి మరియొకరి చేతిని ఎరుగదు. ఓబర్‌వైస్‌బాఖ్ గ్రామమున ఎదుట నిలిచిన బిడ్డను వాడు అని దూరము చేసిన పిలుపు ఎంతకాలము బాధించెనో మనము వింటిమి. కావున వంకర దొన్నెనైనను రెండు చేతులతో పుచ్చుకొని, నీవు చేసితివా అని అడిగి, పదిమందికి కనబడు తావున ఉంచుడు. కృతజ్ఞతను పిల్లలకు నేర్పు ముందు, పిల్లల యెడ మనము దానిని చూపవలెను. కాగితము చవుకైనది, మడత సులువైనది, ఈ పని మాత్రము నిత్యము చేయవలసినది.